నా పుట్టినరోజుకు నేను రాలేదు

ఆ రోజుల్లో నాకు రెండు బతుకులు ఉండేవి, రెండింటిలోనూ ముఖం నాది కాదు. పగలు సిద్దిపేటలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో కూర్చుని, గల్లీ నాయకుల మెడలో లేని బంగారు గొలుసులు కంప్యూటర్లో వేసి, పైన ‘జన్మదిన శుభాకాంక్షలు’ అని పెద్ద అక్షరాల్లో పెట్టేదాన్ని. సాయంత్రం కిరాయి గదికి వచ్చి, ‘ఏకాంత’ అనే కలం పేరుతో ఫోనులో సీరియల్ నవల రాసేదాన్ని. (ఆ పేరు నేనే పెట్టుకున్నాను. ఇరవై మూడేళ్ల వయసులో అలాంటివి గొప్పగానే అనిపిస్తాయి.) ఫొటో ఉండాల్సిన చోట ఒక ఖాళీ పడక కుర్చీ బొమ్మ పెట్టాను. నవలలో ఒక రిటైరైన నర్సు ఒంటరిగా ఉంటుంది, వంట చేసుకుంటుంది, మోకాళ్ల నొప్పులతో కిటికీ దగ్గర కూర్చుంటుంది. అంతకుమించి ఏమీ జరగదు. అయినా జనం చదివేవారు.

పొద్దంతా ఇంకొకరి పుట్టినరోజులు అచ్చు వేయగా వేయగా నాకూ ఒకటి చేసుకోవాలన్న దురాశ పుట్టింది. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. మాది మిరుదొడ్డి పక్కన ఒక ఊరు. నేనెప్పుడు పుట్టానని అడిగితే అవ్వ ‘మక్కలు ఇరిసేటప్పుడు’ అనేది. కాగితాల మీదున్న తేదీ బడిలో చేర్చుకున్న సారు తన సౌకర్యం కొద్దీ వేసింది, ఆ తేదీకి మా చేన్లో మొక్కజొన్న విత్తనం కూడా పడదు. ఏదైతేనేం, తేదీ తేదీయే, పైగా ఆ ఏడు ఆదివారం వచ్చింది. పిలవడానికి పట్నంలో నాకెవరూ తెలియదు. (ఫ్లెక్సీల మీది ముఖాలు చాలా తెలుసు. వాళ్లకు నేను తెలియదు.) అందుకని సీరియల్ కింద పాఠకులకే ఒక మాట రాశాను: సిద్దిపేట చుట్టుపక్కల వాళ్లు సాయంత్రం కోమటి చెరువు కట్ట మీదికి రండి, నా పుట్టినరోజు మీతో జరుపుకుంటాను. ‘వస్తున్నాం అమ్మా’, ‘కేకు మాది అమ్మా’ అని జవాబులు వచ్చి పడ్డాయి. ఆ ‘అమ్మా’ ఉట్టి గౌరవమనుకున్నాను.

వస్తామన్న జనానికి కట్ట సరిపోదేమోనని భయపడుతూ ఒక సంచి నిండా సమోసాలు పట్టుకుని వెళ్లాను. ఇద్దరు వచ్చారు. ఒకామె సిద్దిపేటలోనే బడిలో చెప్పే టీచరమ్మ. ఇంకొకామె చేర్యాలలో కిరాణా దుకాణం మూసి బస్సెక్కి వచ్చిన అక్క. ఇద్దరి మధ్యా బెంచీ మీద కేకు డబ్బా. దగ్గరికి పోగానే టీచరమ్మ, “నువ్వు గూడ ఏకాంతమ్మ కోసమేనా బిడ్డా?” అని అడిగింది.

‘నేనే’ అనడానికి ఒక్క మాట చాలు. కానీ నా నోటికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. “అవ్ మేడం, ఇంకా రాలేదా? రాసేటోళ్లకు టైమంటే లెక్కనే ఉండది” అన్నాను, నవ్వుతారని. వాళ్లు నవ్వలేదు. “అట్ల అనకు చెల్లె, మోకాళ్ల నొప్పులతోని పెద్దామె ఎట్ల వస్తదో ఏమో” అని చేర్యాలక్క బెంగగా దారి వైపు చూసింది. ఆమె సంచిలో మోకాళ్లకు రాసుకునే నూనె సీసా ఉంది. కేకు డబ్బా తెరిచి చూపిస్తే మీద రెండు అంకెల కొవ్వొత్తులు: ఆరు, సున్న.

అప్పటికి నాకు సంగతి అర్థమైంది. కానీ అరవై ఏళ్ల మనిషి కోసం వచ్చినవాళ్లకు ఇరవై మూడేళ్ల మనిషిని అంటగట్టడం ఎలా? ముగ్గురం కూర్చుని నా కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాం. నేను సమోసాలు పంచి, వరసగా జోకులు వేశాను. ఆ నవలలో కూర మాడినన్నిసార్లు మా ఓనరమ్మ ఇంట్లో కూడా మాడదన్నాను. వాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వి నవ్వి టీచరమ్మ ఒక్కసారి మెత్తబడింది. “తలుపు తీసి, ‘వచ్చిన’ అని ఖాళీ అర్రకు చెప్పి లోపటికి పోతది సూడు ఆమె. అది ఊకెనే రాయరాదు బిడ్డా. ముప్పై ఏండ్లు ఒక్కతె బతికితెనే వస్తది” అంది.

ఆ అలవాటు నాది. కిరాయి గదిలో నాకింకా ఏడాది నిండలేదు. ముప్పై ఏళ్ల పని ఇంత తొందరగా ముగించానంటే నేను చురుకైనదాన్నే అనుకోవాలి. ఈ జోకు మాత్రం వాళ్లకు చెప్పలేదు. “నేనే ఏకాంతను” అన్నాను.

చేర్యాలక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. “మస్తు జోకులేస్తవ్ చెల్లె నువ్వు. పాపం గా పెద్దామె ఇంటే ఏమనుకుంటది?”

సరే, చూపిద్దామని ఫోను తీశాను. అంతలో టీచరమ్మకు కొత్త భయం పట్టుకుంది. పెద్దామె ఒక్కతే ఉంటుంది, పడిపోతే చూసే దిక్కెవరని తన ఫోనులో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఏదో రాసింది. అది నా చేతిలో వచ్చి వాలింది: ‘అమ్మా, పానం మంచిగున్నదా? రాకున్నా ఏం గాదు. మంచిగున్న అని ఒక్క మాట పెట్టున్రి.’

సిద్దిపేట వచ్చాక నన్నెవరూ ఆ మాట అడగలేదు. (ఓనరమ్మ రోజూ అడిగేది నీళ్ల మోటారు బందు చేశావా అని.) అడిగిన మనిషి పక్కనే కూర్చుని ఉంది, అడిగింది మాత్రం ఇంకొకామెను. ఫోను చూపించానా, ఆ ఇంకొకామె కట్ట మీదే పోతుంది, ఈ ఇద్దరికీ పుట్టినరోజు కాస్తా దినమవుతుంది. ఫోను పక్కకు తిప్పుకుని, ‘బాగున్నాను తల్లీ, మోకాళ్లు కదలనివ్వలేదు, నా బదులు మీరే కేకు కోయండి’ అని రాశాను. ఇద్దరికీ ఊపిరొచ్చింది. ఎవరు కోయాలని కాసేపు ఒకరినొకరు బతిమాలుకుని, చివరికి కత్తి నా చేతిలో పెట్టారు, చిన్నదాన్నని. ఎదురుగాలిలో మూడుసార్లు వెలిగించిన అరవై ఏళ్లను నేను ఒక్క ఊదుకే ఆర్పేశాను. వాళ్లు ఏకాంతమ్మ పేరు మీద పాట పాడారు. కత్తి పట్టుకుని నేనూ గొంతు కలిపాను. అటూ ఇటూ నడిచేవాళ్లు ఆగి నా వైపు చూసి, అంకెల వైపు చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయారు.

టీచరమ్మ వెళ్లిపోయాక చేర్యాలక్కను బస్టాండు దాకా సాగనంపాను. బస్సెక్కబోతూ ఆమె ఆగింది.

“నీ పుట్టినరోజెప్పుడు చెల్లె? చెప్పు, దుకాణం మూసి వస్త.”

“ఇయ్యాల్నే అక్కా” అన్నాను.

ఆమెకు నవ్వాగలేదు. కిటికీ పక్కన కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, బస్సు మలుపు తిరిగేదాకా నాకు చెయ్యి ఊపుతూనే ఉంది. నేనూ ఊపాను. మూతికి క్రీము అంటించుకుని బస్టాండులో నిలబడిన ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది. ఆ రోజు పాపం రెండుసార్లు నిజమే చెప్పింది. రెండుసార్లూ బాగా నవ్వించింది.