నీళ్లు పోయకూడని కుండీలు

నలభై దాటాక నేను సొంతంగా రాసిన మొదటి మాట "నీళ్లు పోయరాదు". తిరుపతిలో ఒక పరిశోధనశాల వెనక, వల కప్పిన షెడ్డులో, వేరుశనగ కుండీల వరస ముందు ఆ మాట రాసిన అట్టను కర్రకు కట్టి వేలాడదీశాను. అక్షరాలు వంకరగా వచ్చినా, వచ్చేపోయేవాళ్లు ఆగి చదువుతుంటే లోపల గర్వంగా ఉండేది.

గాజుసామాను కడగడం, కుండీలు చూసుకోవడం నా పని. అక్కడ పరిశోధన చేసే గూడూరు అమ్మాయి మధ్యాహ్నం అన్నాలయ్యాక నాకు అక్షరాలు నేర్పేది. కుండీలకు కట్టే అట్టముక్కలే నా పలక.

ఆమె చదువంతా ఒక వింత ప్రోటీన్ మీద. నాకు అర్థం కావాలని ఒకరోజు చేసి చూపించింది. నీళ్లు లేక వాడిన మొలకలను నూరి, వడగట్టి, ఆ రసాన్ని గాజుగొట్టంలో పోసి మరిగే నీళ్లలో పెట్టింది. గుడ్డులోని తెల్లసొన గట్టిపడినట్టు రసంలో ఉన్నవన్నీ విరిగి అడుక్కు చేరాయి. పైన తేట నిలిచింది.

"ఆ తేటలో మిగిలిందే మనది అక్కా. మిగతా ప్రోటీన్లకు ఒక మడత, ఒక రూపం ఉంటాయి. కాగితే అవి చెడి గడ్డ కడతాయి. దీనికి రూపమే లేదు. ఇంక చెడేదానికి ఏముంది?"

"మా ఇంటాయన మాదిరే. నేనెంత కాగినా ఆయన అట్లే ఉంటాడు," అన్నాను.

ఆమె నవ్వి, మళ్లీ గొట్టం వైపు చూసింది. "ఇది మొక్కను చంపి తీసింది. బతికుండే వేరులో, నీళ్లు కరువైనప్పుడు ఇదేం చేస్తుందో చూడాల. అదే నా పని."

అందుకోసం ఆ ప్రోటీన్‌కు పచ్చగా వెలిగే గుర్తు తగిలించి మొలకలు పెంచింది. బతికున్న కణంలో ఆ వెలుగును చూడగల మైక్రోస్కోపు హైదరాబాదులో ఉంది. దాని ముందు కూర్చోవడానికి ఆమెకు ఒకే ఒక్క రోజు దొరికింది. ఆ రోజుకు ఒక వరస మొలకలు బాగా వాడి ఉండాలి, కానీ చావకూడదు. పక్క వరసకు మాత్రం రోజూ నీళ్లు పోయాలి.

వానలు లేక మా వైపు చేలన్నీ ఎండిన ఏడాది అది. ఒక వరసకు నీళ్లు పోసి, రెండో వరస దగ్గర మొహం తిప్పుకునేదాన్ని. జీతం కోసం పాపం మూట కట్టుకుంటున్నట్టు అనిపించేది.

ప్రయాణానికి ముందురోజు, పీలేరు పక్క పల్లె నుంచి మా అమ్మ వచ్చింది. అద్దెగదిలో ఒక్కతే ఎందుకని వెంట తెచ్చి షెడ్డు నీడలో కూర్చోబెట్టాను. లోపలికి వెళుతూ ఆ వరస సంగతి నోటితో చెప్పలేదు. అట్ట ఉంది కదా అనుకున్నాను. నిన్నమొన్నటి దాకా నేనూ చదవలేని దాన్నేనని ఆ క్షణం తట్టనే లేదు.

తిరిగి వచ్చేసరికి అమ్మ, కొంగు నడుముకు దోపుకుని, చివరి కుండీకి చెంబుతో నీళ్లు పోస్తోంది.

"యాడికి పోతివిమే? పసిబిడ్డలు సొమ్మసిల్లినట్ల పడిండాయి. పక్కనే డ్రమ్ము నిండా నీళ్లు పెట్టుకోని వీటికి పొయ్యకుంటే ఎట్లా?"

నాకు ఒళ్లు మండింది. "అంత పెద్ద అచ్చరాలతో రాసిండాను గదమ్మా. కండ్లు కనపళ్లేదా?"

షెడ్డులో ఉన్న విద్యార్థులు ఇటు తిరిగారు. అమ్మ అట్ట వైపు చూసింది.

"అదా? దిష్టికి కట్టినారనుకుంటి," అంది మెల్లగా.

ఎవరో నవ్వారు. నేను అమ్మ చేతిలోంచి చెంబు లాక్కున్నాను.

గూడూరు అమ్మాయి వచ్చి తడి మట్టిని వేలితో తాకింది. కుండీల మధ్య కూలబడింది.

"తప్పు చేసినానా తల్లీ?" అంది అమ్మ.

"లేదులే అవ్వా," అంది ఆ పిల్ల. తల మాత్రం ఎత్తలేదు.

సాయంత్రానికి ఆకులన్నీ లేచి నిలబడ్డాయి. వాటిని చూసి సంతోషపడటానికి కూడా అమ్మ భయపడింది.

హైదరాబాదు ప్రయాణం ఆగిపోయింది. మళ్లీ అవకాశం మరుసటి ఎండాకాలానికి గానీ దొరకలేదు. ఈసారి ఆమె చూసి వచ్చి, చేతులు ఊపుతూ నాకు చెప్పింది. నీళ్లు తగ్గిన కణంలో ఆ వెలుగు చిన్న చిన్న చుక్కలుగా కూడుకుంటుందట. నీళ్లు తగలగానే మళ్లీ విడిపోయి అంతటా పరుచుకుంటుందట. ఆమె ముఖం చూసి నా బరువు కొంత దిగింది. పోయిన ఏడాది మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

అమ్మ కూడా ఎత్తలేదు. కానీ ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా, కాగితం అంటించిన డబ్బా కనిపిస్తే చాచిన చెయ్యి వెనక్కి తీసుకునేది. "దీని మీద ఏమి రాసిండారుమే?" అని అడిగేది. ఎగతాళికి కాదు, నిజంగానే. అక్షరాలు నేర్పిస్తాను రమ్మంటే, "నాకెందుకు, చదివి చెప్పేదానికి నువ్వుండావు గదా," అనేది.

ఒకసారి కొత్త బిందె కొని తాగేనీళ్లు నింపి పెట్టాను. దాని మీద అంగడివాళ్ల చీటీ ఇంకా ఊడలేదు. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి నడిచొచ్చిన అమ్మ, నేను పెరట్లోంచి వచ్చేదాకా బిందె పక్కన ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది.

"తాగొచ్చునామే?" అంది.