నాలుగు బస్తాల భయం

మేస్త్రీ కొండల్ భయపడడంలో కూడా లెక్క తప్పడని ఇబ్రహీంపట్నంలో పేరు. ఆ లెక్క సిమెంటు బస్తాల్లో ఉంటుంది. పది బస్తాల లోపు పనికి ఆకాశం వైపు ఒక చూపు చాలు. యాభై దాటితే వాన పడితే కప్పడానికి పరదాలు. రెండు వందలు దాటితే జనరేటరు, కాంక్రీటు కలిపే మిల్లరు ఇంకొకటి, స్లాబు పూర్తయ్యేదాకా కూలీల దావత్ కల్లు తాళం వేసిన గదిలో. ఇది వాళ్ల బాపు నేర్పిన పద్ధతి. ఆ పెద్దాయన పెద్ద చెరువులో వలతో దిగితే నడుముకు లారీ ట్యూబు కట్టుకునేవాడు. కుంటలో దిగితే లుంగీ ఎగ్గట్టేవాడు, అంతే.

మా నానమ్మ అనంతమ్మ తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక జల్‌పల్లిలో మేనత్త ఇంట్లో ఉంది. కమోడ్ ఉంటేనే ఇంటికి పంపుతానన్నాడు డాక్టరు. మా ఇంట్లో ఉన్నది పెరటి చివర కింద కూర్చునే పాత దొడ్డి. అక్కడేమో అల్లుడు రోజూ తెల్లవారకముందే నవ్వుల యోగా చేస్తున్నాడు. నెల దాటితే ఒక్క పూట కూడా ఉండనని, కమోడ్ లేకపోతే ఆటోలోనే కాపురం పెడతానని నానమ్మ కబురు పెట్టింది.

పడకగదికి ఆనించి చిన్న బాత్‌రూం. స్లాబుకు నాలుగు బస్తాలు. కొండల్ పైకి ఒకసారి చూశాడు. భయపడడం అయిపోయింది.

మేనత్త కొడుకు రోహన్ ఇంజనీరు. వాళ్ల కంపెనీలో ఫ్లైఓవర్లకు వాడే నలభై ఆరు ప్రశ్నల ఫారం పట్టుకొచ్చి, కొండల్‌ను కూర్చోబెట్టి చదివాడు.

"మంటలొస్తే బయటికి పోయే దారి ఏది, అన్నా?"

"తలుపు. ఇంకా పెట్టలే."

"ట్రాఫిక్ ఎట్ల మళ్లిస్తరు?"

"ఒక్కసారికి ఒక్కరే పోతరు సారూ. మీ అమ్మమ్మ పోతే ఇంకెవ్వరూ పోరు."

పదకొండో ప్రశ్న దగ్గర కొండల్ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమే కొండల్‌కు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక ఫంక్షన్ హాలుకు మూడు వందల బస్తాల స్లాబు ఉంది. స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే మంచి ఇనుప ఊతలన్నీ అక్కడికి పోయాయి. మాకు మిగిలినవి సర్వి కర్రలు. వాటిలో ఒకటి, డ్రైనేజీ పైపు కోసం తవ్వి పూడ్చిన మట్టి మీద నిలబడింది. మధ్యాహ్నం స్లాబు పోశారు, సాయంత్రం జల్లు పడింది, మట్టి దిగింది, కర్ర దిగింది. పొద్దున చూస్తే స్లాబు నడుమ గుంట. మేకలు నీళ్లు తాగడానికి బాగుంటుంది.

నానమ్మ చెప్పిన గడువుకు పదిరోజులే ఉంది. మళ్లీ పోస్తే ఊతలు తీయడానికే రెండు వారాలు పడుతుంది. కొండల్ జేబులోంచి ఫారం తీశాడు. పన్నెండో ప్రశ్న: ఊతలు నిలిచే నేల గట్టిదేనా? ఆ తర్వాత ముప్పై నాలుగు ప్రశ్నల్లో మాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. రోహన్ మాత్రం వారం రోజులు నలభై ఆరింటినీ సమర్థించాడు.

కొండల్ వాదించలేదు. స్లాబు పగలగొట్టి, గోడల మీద ఇనుప పైపులు వేసి, రేకులు బిగించాడు. నానమ్మ పట్టుకుని లేవడానికి పెట్టిన కడ్డీకి మొదట తాను వేలాడి చూశాడు. తర్వాత ఇద్దరు కూలీలను వేలాడదీశాడు. ఫంక్షన్ హాలు వాళ్లు ఆ రోజు నాలుగుసార్లు ఫోన్ చేశారు, తీయలేదు.

గడువు రోజున నానమ్మ వాకర్‌తో దిగింది. ఎవరినీ పలకరించకుండా నేరుగా బాత్‌రూంలోకి పోయి, పావుగంటకు బయటికొచ్చి కొండల్‌ను చూసింది.

"చిన్నపనని స్లాబు గట్ల పోసినవారా?"

"అవ్ అవ్వా. తప్పైంది."

"మీ బాపు చెరువుల మునగలే. కుంటల జారి కాలు ఇరగ్గొట్టుకున్నడు. ఆర్నెల్లు మంచంల ఉండె. గది మర్చినవ్."

ఫంక్షన్ హాలు స్లాబు అద్దంలా వచ్చిందట. ఓనర్లు కొట్లాడుకోవడంతో ఇప్పటికీ తెరవలేదు. కొండల్ ఇప్పుడు బస్తాల సంగతి తర్వాతే అడుగుతున్నాడు. ముందు, అది ఎవరికి, ఎప్పటికి కావాలో అడుగుతున్నాడు. నానమ్మేమో రేకుల మీద కోతులు దూకిన ప్రతిసారీ కొండల్‌కు ఫోన్ చేసి, ఆ చప్పుడు వినిపిస్తోంది.