బాలనాగమ్మ ఎక్కని బండి

భీమన్నకు ఈత రాదు. సోమశిల రేవులో ఈ సంగతి తెలియనిది పట్నం నుంచి వచ్చే జనానికే. కోడేరు చెలకల్లో పుట్టి, ఇరవై ఏళ్లు ట్రాక్టర్ తోలినవాడు కృష్ణ ఒడ్డుకొచ్చి, జనాన్ని ఎక్కించుకుని నీళ్ల మీద ఉరికే జెట్ స్కీ బండి నడుపుకుని బతుకుతున్నాడంటే పుట్టిన ఊళ్లో ఇప్పటికీ కొందరు నమ్మరు. నడిపే తీరు మాత్రం ట్రాక్టర్ తీరే. ఎక్కే ముందు చుట్టూ తిరిగి కాలితో ఒక్కటి తన్ని చూస్తాడు. నీళ్లలో ఉన్నదానికి టైర్లు లేవని తెలిసినా ఆ అలవాటు పోలేదు.

అతని మొదటి బండి సముద్రం ఒడ్డున ఎన్నో ఏళ్లు చాకిరీ చేసి, అలసిపోయి ఇక్కడికి వచ్చింది. ఒకప్పుడు తెల్లది. రేవులో దానికి దున్నపోతని పేరు. సీటు మీద రెండు చరుపులు, పైన ఒక తిట్టు పడితే తప్ప ఇంజను అందుకునేది కాదు. ఆడవాళ్లు, పిల్లలు ఎక్కినప్పుడు భీమన్న ఆ తిట్టును నోట్లోనే గొణిగేవాడు. అప్పుడు ఇంజను కూడా గొణిగేది.

అయినా దాని మర్మమంతా అతనికి తెలుసు. ఆ బండికి బయట తిరిగే రెక్కలుండవు. కడుపు కింద జాలీలోంచి నీళ్లు పీల్చి వెనక నుంచి చిమ్ముతూ ముందుకు పోతుంది. "మోకాళ్ల లోతుల స్టార్ట్ చెయ్యొద్దుర నాయనా, ఇసుకనో చెత్తనో ఏదుంటె అది మింగుతది" అని రేవులో అందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పింది భీమన్నే.

ఇవన్నీ సరే. అతన్ని లోపల్లోపల తినేసే సంగతి వేరే ఉంది. ఏడేళ్లయినా భార్య బాలనాగమ్మ ఆ బండి ఒక్కసారీ ఎక్కలేదు. ఆమె రేవు మెట్ల పక్కనే పెద్ద పెనం పెట్టి చేపలు వేపుతుంది. బండి ఎక్కడానికి జంకే గిరాకీ మొదట ఆమెనే అడుగుతుంది.

"అక్కా, భయమేం ఉండదా?"

"నాకేం తెల్సు బిడ్డా, నేనెన్నడు ఎక్కలే" అని ఆమె ఇంకో చేప తిప్పుతుంది. సగం మంది అక్కడే ఆగి, చేపలు తిని వెళ్లిపోతారు.

"నీ పుణ్యాన నా గిరాకి పోతుంది గదనే" అన్నాడు భీమన్న ఒకనాడు.

"నా పుణ్యాన నా చేపలు పోతున్నయి గద."

"ఒక్కపారి ఎక్కు. పదిమంది సూడంగ ఎక్కు."

"నేను చేపలను వేపాల్నా, నన్ను చేపలకు వెయ్యాల్నా? గా దున్నపోతు మీద నేనెక్క."

"కొత్తది తెస్తె?"

ఆమె పెనం మీంచి కళ్లెత్తలేదు. "తే, సూస్త."

ఆ 'సూస్త' పట్టుకొని భీమన్న కొత్త బండి తెచ్చాడు. నల్లటి ఒంటి మీద ఎర్రచార. పాతదానికి మూడింతల బలం. వెనక్కి నడుస్తుంది, పాటలు పాడుతుంది, మీట నొక్కితే చాలు లేస్తుంది. దానికెన్ని గుర్రాల బలమో రేవులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

"అన్ని గుర్రాలకు మేతెవరేస్తరు బావా?" అన్నాడు కృష్ణయ్య. అతను బాలనాగమ్మ తమ్ముడు, రేవులోనే పడవ నడుపుతాడు. పాత బండిని అతనే తీసుకున్నాడు. ఆ ముసలిదాన్ని ఏం చేసుకుంటావురా అంటే, నవ్వి ఊరుకున్నాడు.

కొత్త బండిని పూజ లేకుండా తియ్యడమనేది ఈ చుట్టుపక్కల లేదు. సైకిలుతోనైనా నిమ్మకాయ తొక్కించాల్సిందే. శుక్రవారం పొద్దున పంతులు నాలుగు నిమ్మకాయలతో రేవుకొచ్చి, బండి చుట్టూ చూసి నిలబడిపోయాడు.

"చక్రాలేవి?"

"లేవు సామీ."

"చక్రాలు లేని బండికి ఇంతవరకు నేను పూజ చెయ్యలే."

"తెచ్చిన ట్రాలీకి ఉన్నయి గద, దాని కింద పెడ్దం" అన్నాడు కృష్ణయ్య.

"పూజ ట్రాలీకా, బండికా?" భీమన్నకు కోపం వచ్చింది. "కడుపు కింద పెట్టుండ్రి సామీ. పైకెల్లి పోతె తొక్కినట్టే."

కడుపు కింద నిమ్మకాయలు పెట్టడానికి చెయ్యి అందాలి గనుక బండిని మోకాళ్ల లోతులో నిలిపారు. ముక్కు మీద కొబ్బరికాయ కొట్టారు, పీచు నీళ్లలో పడింది. హ్యాండిల్ నుంచి కిందికి బారెడు బంతిపూల దండ వేలాడింది. చివరికి కుంకుమ నింపిన గుమ్మడికాయను కృష్ణయ్య ఎత్తి బండి ముందర నీళ్లలోని రాతి మీద కొట్టాడు. రేవంతా చప్పట్లు.

"ఎక్కు" అన్నాడు భీమన్న భార్యతో, పదిమందికీ వినిపించేట్టు.

"మొదలు నువ్వొక సుట్టు తిరిగి రా. సూసి ఎక్కుత."

భీమన్న ఎక్కి మీట నొక్కాడు. బండి పులిలా గాండ్రించింది. ముక్కు పైకెత్తి పడవల వరసను దాటింది. అతను ఒడ్డు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి దించేలోపు బండి అరుపు పెరిగింది, నడక తగ్గింది. ఇంకా గట్టిగా నొక్కితే ఇంకా గట్టిగా అరిచింది గానీ అంగుళం కదల్లేదు. అప్పుడు హ్యాండిల్ వైపు చూశాడు. దండ లేదు.

ఎక్కడికి పోయిందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

బండి మెల్లగా లోతు వైపు జరుగుతోంది. భక్తిపాట మాత్రం జోరుగా మోగుతోంది. భీమన్న రక్షణ కోటు పట్టీలు బిగించుకున్నాడు.

"బావా, గుర్రాలు నీళ్లు తాగుతున్నయా?" కృష్ణయ్య ఒడ్డు మీంచి అరిచాడు.

మునుగుతానన్న భయం కంటే, ఇక ఈ జన్మలో బాలనాగమ్మ బండి ఎక్కదన్నదే భీమన్నకు ఎక్కువ బాధ.

అంతలో దున్నపోతు చప్పుడు వినిపించింది. చరుపు లేదు, తిట్టు లేదు, ఒక్క నొక్కుకే అందుకుంది. కృష్ణయ్య వస్తున్నాడనుకుని తల తిప్పాడు. కృష్ణయ్య ఒడ్డు మీదే ఉన్నాడు, చేతిలో అట్లకాడతో పెనం ముందు నిలబడి. బండి మీద ఉన్నది బాలనాగమ్మ. కొంగు నడుముకు దోపుకుని, విశాలంగా ఒక వంపు తిరిగి, సరిగ్గా వేగం వదలాల్సిన చోట వదిలి, కొత్త బండికి గీత పడకుండా పక్కన వచ్చి ఆగింది. ఆ వంపు పట్టుబడడానికి భీమన్నకు ఒక ఎండాకాలమంతా పట్టింది.

"నీకెవరు నేర్పిండ్రే?"

"నువ్వే. పొద్దుగాల్ల నుంచి పొద్దుమూకేదాంక మొత్తుకుంటవు గద. పెనం కాడికి ఇనవడతది."

"ఎప్పుడు నడిపినవ్?"

"నువ్వు పులుసు తిని పండుకున్నప్పుడల్లా." తాడు విసిరింది. "ముక్కుకు కట్టు."

కట్టాడు. ముడి రెండుసార్లు జారింది. "మరి ఇన్నేండ్లు ఎక్కనంటివి?"

"బండంటె నాకేం భయం? నీ ఎనక కూసునుడే భయం."

ఒడ్డుకు లాగి, బండిని పక్కకు ఒరిగించి, జాలీలోంచి పీచూ పూలూ దారమూ ఎర్రటి గుమ్మడి ముక్కలూ పీకారు. సగం నిమ్మకాయ కూడా వచ్చింది. "ఇగ నుంచి గుమ్మడికాయ ఒడ్డు మీదనే కొడ్దం" అన్నాడు పంతులు, అదేదో శాస్త్రంలో ఉన్నట్టు.

ఈసారి నడుము లోతుకు తోసుకెళ్లారు. భీమన్న ముందు సీట్లో కూర్చుని ఎదురుచూశాడు. బాలనాగమ్మ నీళ్లలోకి నడిచొచ్చి, అతని మోకాలి పక్కన నిలబడింది.

"జరుగు."

"ఇది దాని లెక్క కాదే. మస్తు జోరు. జర ముట్టుకుంటెనే ఎగురుతది."

"జరుగుతవా, పోయి నా చేపలు సూసుకోవాల్నా? ఆడ మాడుస్తుండు వాడు."

భీమన్న ఒడ్డు వైపు చూశాడు. చేపల పళ్లేలు పట్టుకున్న గిరాకీ కూడా తినడం ఆపి ఇటే చూస్తోంది. పదిమంది చూస్తుండగా ఆమె బండి ఎక్కాలనే అతను ఇన్నేళ్లు కోరుకున్నది. ఆమె ఎక్కడ కూర్చుంటుందో మాత్రం అనుకోలేదు.

వెనక్కి జరిగాడు. ఆమె ఎక్కి సర్దుకుని కూర్చుంది. వెనక సీట్లో మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో భీమన్నకు తెలియలేదు. వెతుక్కునేలోపే బాలనాగమ్మ మీట నొక్కింది.