రాబోయే చెట్టు నీడ

2021 వేసవి. వాషర్‌మెన్‌పేట్‌లో పాత గోడౌన్ కూల్చేసిన ఖాళీ స్థలం. మూడు పక్కలా గోడలు, నాలుగో పక్క బజారు. మధ్యాహ్నమైతే మూటలు మోసే కూలీలు తోపుడు బండ్ల కింద తలలు దూర్చి పడుకొనేవాళ్ళు. స్థలం యజమాని మునిరత్నంగారు సౌకార్‌పేటలో మిరపకాయల టోకు వ్యాపారం చేసి మానుకున్న పెద్దాయన. తన గోడౌన్‌కు మూటలు మోసిన వీధికి కాస్త నీడ ఇచ్చి పోవాలని ఆయన కోరిక.

నేను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని. అంటే తోటమాలినని మా అత్తగారి నమ్మకం. ఆరుబయట ఎక్కడ ఏముండాలో గీసి, పని చేయించి, అప్పగించడం నా వృత్తి. మా ప్లాన్‌లో చెట్టంటే ఒక గుండ్రం. చెట్టు పెద్దదయ్యాక కొమ్మలు పరుచుకొనే మేర అది. ఆ గుండ్రాలు చూసి మురిసిపోని క్లయింటు లేడు. నాటే రోజు వచ్చేది మాత్రం చేతికర్రంత మొక్క.

మునిరత్నంగారు కానుగ గుండ్రం మీద వేలు పెట్టి, ఇది ఎప్పటికి ఇంతవుతుందని అడిగారు. నాలుగైదేళ్ళు పడుతుందన్నాను. వేలు అక్కడే ఉండిపోయింది.

"నాకు ఎనభై దాటిందమ్మా. ఆడ ఒకడన్నా నీడలో కూచోవడం నేను చూడాల."

ఆయన కొడుకు సుధాకర్ క్రేనుతో పెద్ద చెట్టునే తెప్పించమన్నాడు. వేర్లు నరికి తెచ్చిన చెట్టు మన తుఫాను గాలికి ఆగదని, మనుషులు పడుకొనే చోట అలాంటిది నిలబెట్టనని తెగేసి చెప్పాను. పని చేయి జారినా సరేననుకున్నాను. పెద్దాయన కోరికను మాత్రం వదిలేయలేకపోయాను.

మాలో మాక్-అప్ అని ఒకటుంది. కట్టబోయేదాన్ని అసలు కొలతల్లో ఉత్తుత్తిగా నిలబెట్టి చూపడం. బెంచీలకూ గోడలకూ చేస్తాం, నీడకెందుకు చేయకూడదు? కానుగ మొక్క నాటించి, దానికి ఎండ తగిలేలా నడుమ ఖాళీ వదిలి, చుట్టూ సరుగుడు కర్రలు పాతించి, ప్లాన్‌లోని గుండ్రమంత మేర నీడకు వాడే పచ్చటి నెట్ కట్టించాను.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని సుధాకర్ నవ్వాడు.

మధ్యాహ్నం ఒక కూలీ వచ్చి తలగుడ్డ మడిచి తలకింద పెట్టుకున్నాడు. ఆ వెనక ఇంకొకడు. గాలికి నెట్ ఊగుతుంటే నిద్రపోయేవాళ్ళ మీద పచ్చటి వెలుతురు నీళ్ళలా కదిలింది. బజారు గోల ఎక్కడో దూరాన ఉన్నట్టనిపించింది. ఏ ఏడాదిలో ఉన్నానో నేనే మరిచిపోయాను. మునిరత్నంగారు చెప్పులు విడిచి వాళ్ళ మధ్య కూర్చున్నారు.

"మొక్కే ఉండనీమ్మా" అన్నారు తల పైకెత్తి నెట్ చూస్తూ.

అప్పటినుంచి ప్రతి వేసవిలో చెట్టు పరుచుకున్నంత మేర నెట్ కత్తిరిస్తూ వచ్చాం. కత్తెర ఎప్పుడూ ఆయనదే. భవనమైతే అప్పగించిన రోజుతో పని పూర్తి, తోటకు ఆ రోజే మొదలు. గుండ్రం గీస్తే చాలదు, అది నిండేదాకా కింద ఉండే మనుషుల సంగతి కూడా నా పనేనని నాకు నేర్పింది ఆ స్థలమే.

మొన్న వేసవికి అంచున నెట్ చిన్న ముక్కే మిగిలింది. నేల మీద ఆకుల నీడా నెట్ నీడా కలిసిపోయాయి. మునిరత్నంగారు కత్తెర కొడుకు చేతిలో పెట్టారు.

"కడ ముక్క నువ్వు కొయ్యిరా. నేను ఈడ కూచుంటా."

ముక్క కిందపడింది. పెద్దాయన మీద నీడ అలాగే ఉంది.