పుట్టగొడుగుల నీడలో నిద్రపోయిన పిల్ల

కిందటి నెల జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దింటికి వెళ్ళాను. సినిమాల్లో నా తొలిరోజుల్లో నేను పనిచేసిన ఆర్ట్ డైరెక్టరుగారి సంవత్సరీకం. వెళ్ళింది గౌరవంతో కాదు, ఆ మనిషి నిజంగానే లేడని కళ్ళారా చూసుకోవడానికే అనుకోండి. హాల్లో ఆయన ఫోటో పక్కన ఒక నీటిరంగుల బొమ్మ వేలాడుతోంది. దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాను.

వందేళ్ళ కిందట ఇంగ్లీషు చిత్రకారుడెవరో పిల్లల కథల పుస్తకానికి వేసిన బొమ్మ అది. మెలితిరిగిన చెట్ల వేళ్ళ మధ్య, పుట్టగొడుగుల నీడలో ఒక చిన్నపిల్ల నిద్రపోతుంటే, సీతాకోకచిలుక రెక్కలున్న దేవకన్యలు ఆకుల దుప్పటి కప్పుతుంటారు. మోతీనగర్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే మా నాన్న, బైండింగుకు ఇచ్చినవాళ్ళు మళ్ళీ రాకపోవడంతో, ఆ పుస్తకం నాకిచ్చాడు. పాచిరంగులో ఎన్ని నీళ్ళు కలిపితే పొగమంచులా పలచబడుతుందో ఆ పేజీ ముందు కూర్చునే నేర్చుకున్నాను. నాకు వేరే గురువు లేడు.

ఆ చేతితోనే ఫిల్మ్ నగర్‌లో ఆ ఆర్ట్ డైరెక్టరు దగ్గర తెరలు వేసే పనికి కుదిరాను. ఆడపిల్ల పరంజా ఎక్కడమేమిటని నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, నా యాసను అనుకరించి అందరినీ నవ్వించింది మాత్రం ఆ పెద్దమనిషే. అయినా ఒక జానపద చిత్రానికి సెట్టు వెనక కట్టే అడవి తెర కావాలన్నప్పుడు మురిసిపోతూ పుస్తకం తీసుకెళ్ళి చూపించాను, పదకొండు రోజులు నిలబడి ఆ అడవిని తెరంతా దించాను. సినిమా వచ్చాక, ఆ అడవి తన కలలో కనబడిందని ఆయన పత్రికలవాళ్ళకు చెప్పుకున్నాడు. ఆయన దగ్గరే ఉండిపోయిన పుస్తకం అడిగితే తిరిగిచ్చాడు, ఆ పేజీ లేదు. "నీ పుస్తకంలో ఏ పేజీ ఉందో నాకేం తెలుసమ్మా" అన్నాడు, నలుగురి ముందూ. మర్నాటి నుంచి నాకు పని లేదు.

ఇప్పుడు దగ్గరికెళ్ళి చూస్తే, పేజీ అంచున చిరుగు మీద మా నాన్న మైదా జిగురుతో అతికించిన పలచని కాగితం పట్టీ అలాగే ఉంది. ఆర్ట్ డైరెక్టరుగారి కూతురు పక్కకొచ్చి, "నాన్నగారికి ఈ బొమ్మంటే ప్రాణమండీ" అంది.

"గిది నాది బిడ్డా. మీ నాయన నా పుస్తకంలకెళ్లి చింపుకున్నడు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు మా వైపు తిరిగారు.

"ఆయన పోయి ఏడాదైంది, ఇప్పుడెందుకండీ ఇవన్నీ?"

"బతికున్నప్పుడు నన్ను గేటు దాటనియ్యలే."

ఆ అమ్మాయి వచ్చినవాళ్ళ వంక ఒకసారి చూసి, డ్రైవరు చేత బొమ్మ దింపించి నాకిచ్చింది. నేను తీసుకుని ఆటో ఎక్కాను.

ఇప్పుడది కృష్ణానగర్‌లో నా గదిలో ఉంది. పాచిరంగు వెలిసిపోయింది. స్టూడియోల్లో ఆకుపచ్చ గుడ్డ కట్టి అడవిని కంప్యూటర్లో పెడుతున్నారు. ఆ తెర వేసింది నేనేనని చెప్పగలిగిన తోటి పెయింటర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వయసు మీదపడితే కోపం చల్లారుతుందని మన ఈడువాళ్ళు అంటుంటారు. నాకు చల్లారలేదు. బొమ్మ ముందు కూర్చుంటే ఆ పిల్ల ముఖం కంటే ముందు ఆయన ముఖమే కనబడుతోంది. కాగితం తిరిగొచ్చింది గానీ, దాన్ని చూసి సంతోషించే నా చిన్ననాటి కళ్ళు ఆయనతోనే పోయాయి.