అమ్మ మంచం పక్కన విన్న ఇంగ్లీషు మాట

మా చిన్నప్పుడు... డాక్టర్లు రోగి మంచం పక్కనే నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు. మనకేమీ అర్థం కాదన్న ధైర్యం వాళ్ళది. వాళ్ళ మొహాల్లో ఏమైనా తెలుస్తుందేమోనని చూడడం మన పని.

నాకప్పుడు ఏడో తరగతి. మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఇంగ్లీషు మీడియం చదివేది నేనొక్కదాన్నే. మందుసీసా మీది అక్షరాలైనా, కరెంటాఫీసు నుంచి వచ్చిన కాగితమైనా నాన్న నా చేతిలోనే పెట్టేవాడు.

ఆ ఏడాది మా ఇంగ్లీషు టీచరు "ఒంట్లో బాగాలేదని చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో రాసుకు రండి" అన్నారు. సెలవు చీటీల్లో అందరం ఒకే 'ఫీవర్' రాస్తున్నామని ఆవిడ విసుగు. నేను స్కేలుతో గళ్ళు గీసి, తేలికైన మాట పైన, బరువైనది కింద వచ్చేలా వరసగా రాశాను. అన్‌వెల్, సిక్, ఎయిలింగ్... అన్నిటికంటే కింద 'డిటీరియరేటింగ్'. అంటే అంతకంతకూ క్షీణించిపోవడం. టీచరు మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా.

నెల తిరక్కుండానే అమ్మకి పచ్చకామెర్లు వచ్చాయి. బెజవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మూడో రోజుకి అమ్మ కళ్ళలో తెలుపన్నదే లేదు... పిలిస్తే పలుకుతోంది, మళ్ళీ మగతలోకి జారిపోతోంది.

ఆ ఉదయం పెద్ద డాక్టరు వచ్చారు. అమ్మని చూసి, పక్కనున్న చిన్న డాక్టరుతో గబగబా ఇంగ్లీషులో ఏదో అన్నారు. అందులో నాకు ఒక్క మాటే దొరికింది. డిటీరియరేటింగ్.

"సాయంత్రం దాకా చూద్దామండీ" అని నాన్నతో తెలుగులో చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయారు.

"ఏమన్నార్రా అమ్మడూ?" అన్నాడు నాన్న.

అమ్మ కళ్ళు తెరిచి నా వైపే చూస్తోంది. ఆ కళ్ళ ముందు ఆ మాటకి తెలుగు ఎలా చెప్పను?

"కొంచెం నలతగా ఉందంట నాన్నా... తగ్గుతుందంట" అన్నాను.

మా అత్తయ్య, అంటే నాన్నకి అక్క, ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచింది. "నే చెప్తానే ఉన్నా! ఈ సూదులకి కామెర్లు దిగుతాయంట్రా? హనుమాన్ జంక్షన్ అవతల పసరు పోసేవాడున్నాడు. మూడు పూటలు పోయించావంటే లేచి అంట్లు తోముకుంటది నీ పెళ్ళాం."

"సాయంత్రం దాకా చూద్దామన్నారుగా అక్కా..."

"చూట్టానికేముందిరా? తగ్గుద్దని నీ ఇంగ్లీషు కూతురే చెప్పింది కదా! లే, బస్టాండుకి రిక్షా మాట్లాడు."

నాన్న వంగి, మంచం కింద నుంచి సంచి లాగాడు. ఫ్లాస్కు, గ్లాసు, అమ్మ చీర... ఒక్కొక్కటే అందులో పెడుతున్నాడు. నా మాట నమ్మే సర్దుతున్నాడు.

చెబితే అమ్మ వింటుంది. చెప్పకపోతే... దారిలోనే ఏమైనా అయితే?

నాన్న చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళాను. "నాన్నా, నేను అబద్ధం చెప్పా. తగ్గుద్దని వాళ్ళు అనలేదు."

"మరేమన్నారు?"

తెలుగులో నోరు పెగల్లేదు. ఇంగ్లీషు మాటే అన్నాను.

"అంటే?"

"నా నోట్సులో అన్నిటికంటే కింద రాసిన మాట నాన్నా..." అని ఏడ్చేశాను.

నాన్న తిట్టలేదు. నా తల మీద చెయ్యి వేశాడు. వెంటనే పెద్ద డాక్టరు వెళ్ళిన వైపు పరుగెత్తాడు.

ఆ మధ్యాహ్నమే అమ్మని ఇంకా పెద్ద ఆసుపత్రికి మార్చారు. అత్తయ్య అంబులెన్సులో అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదిహేడు రోజులకి అమ్మ ఇంటికి వచ్చింది. ఆ మాటకి అర్థం ఏమిటని నాన్న మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు.

ఇప్పుడు డాక్టర్లు కూర్చోబెట్టి తెలుగులో చెబుతున్నారు. రిపోర్టులు ఫోనుకే వస్తున్నాయి, తెలియని మాటకి అర్థం కూడా అందులోనే దొరుకుతోంది. ఏ పిల్లా మంచం పక్కన నిలబడి అంత బరువు మొయ్యక్కర్లేదు... మంచిదే.

మీ ఇంట్లో ఇంగ్లీషు చదివి చెప్పిన పిల్లలు మీరేనా? పెద్దవాళ్ళు బెదిరిపోతారని ఎప్పుడైనా ఒక మాట మింగేశారా? మింగేసి ఉంటే చెప్పండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే, ఆ వరండాలో పట్టుకున్న భయం ఇన్నేళ్ళకైనా కాస్త వదులుతుందేమో.