పైకి లేవని కుడిచెయ్యి

సహోదరులారా, సహోదరీలారా, ఈ శుక్రవారం ఆరాధనలో నన్ను నిలబడనిచ్చిన మీకు ప్రభువు పేరట వందనాలు. నిరుడు ఇదే హాల్లో, ఇదే మైకు పట్టుకుని నేనొక సాక్ష్యం చెప్పాను. అది అబద్ధం!

కాలేజీలో నేను బేస్‌బాల్ ఆడేవాణ్ణి. మా గోదావరి వైపు ఆ పేరు చెబితే క్రికెట్టేనా అని అడిగేవాళ్లు, కాదండీ, అందులో బంతి విసిరేవాడే రాజు, ఆ విసిరేవాణ్ణి నేనే! స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం వస్తుందని ఆశ. రెండో ఏడాదికే భుజం పీకడం మొదలైతే, కోచ్ సార్‌తో ఏం లేదు సార్ అని చెప్పి, ప్రతి మ్యాచ్ ముందూ ఎవరికీ తెలియకుండా నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని దిగేవాణ్ణి, ఎందుకంటే ఆ చప్పట్లు లేకుండా బతకలేననిపించేది. చివరికి యూనివర్సిటీ పోటీల్లో, అందరి ముందూ, భుజంలో ఏదో పుటుక్కుమంది. ఆట పోయింది, ఉద్యోగం ఆశ పోయింది, కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. కువైట్ వచ్చి ఇక్కడి సులైబియాలో ఒక గోదాములో ఎడమచేత్తో పెట్టెలు సర్దుతూ దేవుణ్ణి ఎన్ని మాటలన్నానో ఆయనకే తెలుసు.

నిరుడు ఇక్కడ స్వస్థత కూటం పెట్టారు. వచ్చిన దైవసేవకుడు, భుజం నొప్పి ఉన్న సహోదరుడెవరో లేచి చెయ్యెత్తమన్నాడు, నా రూములోవాళ్లు నన్ను ముందుకు తోశారు, నేను పళ్లు బిగబట్టి ఎత్తేశాను! నా కళ్లలో నీళ్లు నొప్పికొచ్చినవి, మీరు ఆనందబాష్పాలనుకున్నారు. హాలంతా చప్పట్లు! ఎన్నేళ్లయిందో అవి విని! మైకు ఇవ్వగానే నాకు స్వస్థత వచ్చిందని చెప్పేశాను.

ముందు వరుసలో కుమారి అక్క ఉంది. మా వైపు మనిషే, ఒక అరబ్బు ఇంట్లో వంటపని, ఒంట్లో ముదిరిన షుగరు. కొన్ని వారాల తర్వాత నవ్వుతూ వచ్చి, "తమ్ముడూ, నీ చెయ్యి బాగుచేసినోడు నా షుగరు బాగుచెయ్యడేంటి? మాత్రలు మానేసేను," అంది. వద్దక్కా అనాలి నేను. అనలేదు! దేవుడు గొప్పవాడక్కా అన్నాను.

కాలి మీద చిన్న పుండు ముదిరి అక్క వంటింట్లోనే పడిపోయింది. ఆసుపత్రిలో పాదం తీసేశారు. ఆమె మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, వచ్చి చూసి ఖలాస్ అంది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు చేయించి ఊరికి పంపేసింది. పంపేముందు మంచం పక్కన కూర్చుని నిజం చెప్పాను. అక్క గోడవైపు తిరిగిపోయింది. అటు తిరిగే, "నాకు చెప్తే నా కాలొచ్చేత్తాదేంటి? ఎక్కడ నిలబడి చెప్పేవో అక్కడే నిలబడి చెప్పు," అంది.

నాకు ధైర్యం చాల్లేదు. దానికి బదులు దానధర్మాలు మొదలుపెట్టాను. అరబ్బు ఇళ్లలో పనిచేస్తూ బయటికి రాలేని అక్కలకు మందులు చేరవేశాను, ఇదే హాల్లో షుగరు పరీక్షలు పెట్టించాను, మీరు నన్ను మంచి బిడ్డ అని మళ్లీ చప్పట్లు కొట్టారు. ఛీ, సిగ్గులేక అవి కూడా పుచ్చుకున్నాను!

మొన్న గోదాములో పెట్టెల మధ్య మోకరించి ఏడ్చాను. "ప్రభువా, భుజం సంగతి ఇంక అడగను. ఈ అబద్ధపు నోటి నుంచి నన్ను విడిపించు తండ్రీ!" అందుకే ఈరోజు నిలబడ్డాను. నాకు దొరికిన విడుదల ఇదొక్కటే, దేవునికే మహిమ. కుమారి అక్క నా ఫోను ఎత్తడం లేదు, ఎత్తమని అడిగే మొహం కూడా నాకు లేదు.

ప్రియులారా, ఆయన్ను నమ్మండి, నన్ను చూసి మాత్రం కాదు. మాత్ర వేసుకుని ప్రార్థన చేసినా ఆయన వింటాడు, ఎవరి సాక్ష్యం విన్నా మందు మానకండి. ఇప్పుడు స్తుతిద్దాం, మీరు రెండు చేతులూ ఎత్తండి. నా కుడిచెయ్యి, ఇదిగో చూడండి, ఇంతవరకే లేస్తుంది. దయచేసి చప్పట్లు కొట్టకండి.